నెత్తుటి మరక చెప్పు వయస్సు

నేరము జరిగిన చోట దొరకిన నెత్తుటి మరకను పరిశోధకుడు ఎన్నో విధముల ప్రశ్నించుచు వచ్చెను. అది మనుష్యుని రక్తమా, పశువుదా అను సందేహమును తీర్చు పద్ధతిని 1901లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఊలెన్‌హూత్ కనుగొనెను. అదే సంవత్సరమున వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ మానవ రక్తమునందలి వర్గములను వెల్లడించెను. 1984లో ఇంగ్లండునందు అలెక్ జెఫ్రీస్ కనుగొనిన డి.ఎన్.ఏ. ముద్రల పద్ధతి, ఈ రక్తము ఫలానా వ్యక్తిదేనా అని పోల్చి చెప్పుటకు తోడ్పడినది. కాని పోల్చి చూచుటకు అనుమానితుడే లేనప్పుడు ఏమి చేయవలెను? రక్తము చిందించినవాడు 20 ఏండ్ల యువకుడా, 60 ఏండ్ల వృద్ధుడా? ఈ ప్రశ్నకు రక్తమే కొంతవరకు బదులు చెప్పగలదు.

మన రొమ్ముటెముక వెనుక థైమస్ అను గ్రంథి కలదు. రోగములతో పోరాడు టి-కణములు అచ్చట తయారగును. అవి తమ జన్యువులను కత్తిరించి, మరల అతుకుకొని, శత్రువును గుర్తించు శక్తిని సంపాదించును. దర్జీ కత్తిరించిన గుడ్డలో పీలికలు మిగిలినట్లు, ఈ పనిలో డి.ఎన్.ఏ. తునుకలు మిగిలి, ఉంగరములవలె చుట్టుకొని కణములోనే ఉండును. వయస్సు పెరిగిన కొలది థైమస్ క్షీణించి, అందు క్రొవ్వు చేరును. క్రొత్త కణములతోబాటు ఉంగరములును తగ్గును. వీని పరిమాణమును బట్టి వయస్సును అంచనా వేయవచ్చునని 2010లో నెదర్లాండ్సునందలి రాటర్‌డామ్ శాస్త్రజ్ఞులు చూపిరి. పసికందులు మొదలు 80 ఏండ్ల వృద్ధుల వరకు 195 మంది రక్తమును వారు పరీక్షించిరి. అంచనాలో తేడా అటు ఇటుగా 9 ఏండ్లు.

రెండవ మార్గము ఇంతకంటె నిశితమైనది. డి.ఎన్.ఏ. పైన అక్కడక్కడ మిథైల్ అను రసాయనపు గుర్తులు అంటియుండును. అక్షరములు మారకయే వానిపై చుక్కలు హెచ్చుతగ్గులైనట్లు, వయస్సుతో ఈ గుర్తులు మారుచుండును. ఇట్టి కొద్ది స్థానములను పరిశీలించి, సగటున నాలుగైదేండ్ల తేడాతో వయస్సును చెప్పగలుగుచున్నారు.

ఈ ‘సగటు’ అను మాటను మరువరాదు. కొందరి విషయమున తేడా అంతకంటె ఎక్కువ ఉండవచ్చును. సాధారణముగా వృద్ధుల యెడ పొరపాటు పెరుగును. రక్తవ్యాధులును లెక్కను తారుమారు చేయగలవు.

మన చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా పరిగణించును. 17 ఏండ్ల బాలుని రక్తము 21 అని చెప్పినచో, ఆ నాలుగేండ్ల తేడా అతని భవిష్యత్తునే మార్చివేయును. అందువలననే 2015 నాటి బాలల న్యాయ చట్టము, వయోనిర్ణయమునకు మొదట పాఠశాల పత్రమును గాని మెట్రిక్యులేషను పత్రమును గాని చూడుమన్నది. అవి లేనిచో పురపాలక సంఘము గాని పంచాయతీ గాని ఇచ్చిన జనన పత్రమును చూడవలెను. ఏ పత్రమును లేనప్పుడే ఎముకల పరీక్ష వంటి వైద్యపరీక్షలకు పోవలెను.

కావున రక్తము చెప్పు వయస్సు గాలింపునకు పనికివచ్చును. వెదకవలసినది యువకునా, వృద్ధునా అని తెలిసినచో పోలీసుల శ్రమ ఎంతో తగ్గును. జర్మనీ 2019లో చట్టమును సవరించి, ఇట్టి అంచనాను నేరపరిశోధనలో అనుమతించినది. అయితే మనిషి దొరకిన పిమ్మట అతని వయస్సు తేల్చవలసి వచ్చినచో, పుట్టిననాడు పంచాయతీ పుస్తకమున వ్రాయించిన ఒక్క పంక్తి ఈ పరీక్షలన్నిటికంటె ఎక్కువ అక్కరకు వచ్చును.