పట్టు కండువాకు మొక్కల రంగు ఎలా అంటుకుంటుంది?

పట్టుదారం ఫైబ్రాయిన్ అనే ప్రోటీనుతో ఏర్పడుతుంది. దాని చుట్టూ ఉండే సెరిసిన్ అనే జిగురు తొలగితే తప్ప రంగు సమంగా దిగదు కాబట్టి, కండువాను ముందుగా సబ్బునీటిలో వేడిచేసి ఆ జిగురును వదలగొడతారు. అయినా మంజిష్ఠ వేరు కషాయంలో నేరుగా ముంచిన పట్టుకు వెలిసినట్టుండే ఛాయే వస్తుంది, ఉతికితే అదీ చాలావరకు పోతుంది. అందుకే కండువాను మొదట పటిక నీటిలో నానబెడతారు: పటికలోని అల్యూమినియం ఒకవైపు ప్రోటీనును, మరొకవైపు వేరులోని రంగు అణువును పట్టుకొని రెండింటినీ ముడివేస్తుంది. ఇలా రంగును నిలబెట్టే పదార్థాన్ని మోర్డెంట్ అంటారు. పటికకు బదులు ఇనుప లవణం వాడితే అదే వేరు ఊదా ఛాయకు తిరుగుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లం నీటిలో ఇనుప ముక్కలను పులియబెట్టిన ద్రవం, కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే నల్లబడేదీ ఇనుము వల్లనే; అయితే ఇనుము మోతాదు మించితే పట్టు పెళుసుబారుతుంది.

నీలిమందు తీరు వేరు, నిజానికి అన్నిటికన్నా విచిత్రం. దానికి మోర్డెంట్ అక్కరలేదు, కాని అది నీటిలో కరగదు. పులిసిన తొట్టిలో ఆక్సిజన్ లేనప్పుడు మాత్రమే కరిగే రూపంలోకి మారి దారంలోకి దిగుతుంది. పైకి తీసిన కండువా మొదట పసుపుపచ్చగా కనిపించి, గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ చూస్తుండగానే ఆకుపచ్చ మీదుగా నీలమవుతుంది. క్షారం పట్టును దెబ్బతీస్తుంది కనుక ఆ తొట్టిలో సున్నం తక్కువ వేస్తారు.