పాల బండికి గాలి పంపు – సంఘాలు ఎంచుకోవలసిన తీరు



పితికిన పాలు ఎంతసేపు నిలుస్తాయన్నది ప్రతి పాడి రైతుకూ తెలిసిన విషయమే. పొదుగు నుంచి వచ్చిన పాలు పశువు ఒంటి వేడితోనే ఉంటాయి. ఆ వేడిలో కొన్ని రకాల సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయి. అంటే దారిలో బండి రెండు గంటలు ఆగిపోతే, ఒకటిగా ఉన్నది పదహారు అవుతుంది. పాలు 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబడితేనే ఈ పెరుగుదల బాగా మందగిస్తుంది. ఆలస్యమైన పాలు శీతలీకరణ కేంద్రంలో మరిగించి చూసే పరీక్షలో విరిగితే, వెన్న శాతం ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. నష్టం ఒక్కరిది కాదు. ఆ క్యానులో పాలు పోసిన వారందరిదీ.

బండి ఆగడానికి కారణాలు అనేకం. వాటిలో మన చేతిలో ఉన్నది టైరు గాలి. నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అడవి అంచున ఉన్న బల్మూర్ మండలాన్నే తీసుకోండి. తారు రోడ్డు దిగి చేల మధ్యకూ, తండాలకూ పోయే బాట ఒక చోట మొరం, ఒక చోట రాళ్లు తేలిన చెలక, మరొక చోట వాగు ఇసుక. వానకాలంలో రేగడి చెలకల వద్ద బురద టైరుకు ముద్దలుగా అంటుకుంటుంది. పాల బండి బయలుదేరే వేళ తెల్లవారుజాము. ఆ వేళకు మండల కేంద్రంలో గాని, అచ్చంపేటలో గాని పంక్చరు దుకాణం తలుపు తీసి ఉంటుందని ఆశించలేము. అందుచేత గాలి నింపే సాధనం బండిలోనే ఉండాలి. అది ఎలాంటిదై ఉండాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

గాలి ఎందుకు తగ్గించాలి, ఎందుకు మళ్లీ నింపాలి?

గాలి టైరుకూ పశువైద్యానికీ చిన్న సంబంధం ఉన్నది. 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న జాన్ బాయిడ్ డన్‌లప్, ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పట్టణంలో పశువైద్యుడు. రాళ్లు పరచిన వీధుల్లో కుమారుని మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి ఆయన చేసిన ప్రయత్నం ఇది. బరువును మోసేది రబ్బరు కాదు, అందులోని గాలి అన్నదే దాని రహస్యం.

గాలి కొంత తగ్గిస్తే టైరు అడుగు భాగం పొడవుగా నేలకు ఆనుతుంది. బరువు ఎక్కువ చోట పంచుకోవడం వల్ల చక్రం ఇసుకలో దిగబడదు. రాయి తగిలినపుడు టైరు కొంత ఒదిగిపోతుంది. క్యాన్లకు కుదుపు తగ్గుతుంది. ఎడారులలో కార్లు నడిపిన వారు వందేళ్ల నుంచీ ఈ పద్ధతి పాటిస్తున్నారు. 1920లలో, 1930లలో ఈజిప్టు, లిబియా ఎడారులను కార్లలో దాటిన రాల్ఫ్ బాగ్నాల్డ్ బృందం ఇసుక మీద టైర్ల గాలి తగ్గించి నడిపింది.

అయితే గాలి తగ్గించడం సగం పని మాత్రమే. తగ్గిన గాలితో తారు రోడ్డెక్కి వేగంగా పోతే టైరు పక్క గోడలు అదే పనిగా మడతపడి వేడెక్కుతాయి. లోపలి పొరలు విడిపోయి టైరు పగలవచ్చు. ట్యూబు టైరైతే ట్యూబు పక్కకు జరిగి వాల్వు మొదట్లోనే చిరుగుతుంది. మళ్లీ నింపుకునే వీలు లేనివారు గాలి తగ్గించరాదు.

పాల బండి విహారానికి పోయే జీపు కాదు, బరువు మోసే బండి. కాబట్టి హద్దు పాటించాలి. బండి తలుపు అంచున గాని, వెంట వచ్చిన పుస్తకంలో గాని ఉన్న అంకెలో నాలుగో వంతుకు మించి తగ్గించరాదు. ఉదాహరణకు 40 పౌండ్లు ఉండవలసిన చోట 30 పౌండ్లు. అలా తగ్గించినపుడు గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటరాదు. బురదలో దిగబడితే ఇంకా గాలి తీయడం కన్నా ముందు క్యాన్లు దింపడం మేలు. క్యాన్లు కట్టిన మోటారు సైకిలుకు అసలు గాలి తగ్గించరాదు; రాయి తగిలితే రిమ్ము వంగుతుంది.

ఎంత గాలి కావాలి? – పాల క్యాను లెక్క

పంపు కొనే ముందు ఈ లెక్క తెలుసుకుంటే దుకాణదారు మాటల మీద ఆధారపడవలసిన పని ఉండదు. పాలు తెచ్చే పికప్ బండి టైరు లోపలి చోటు సుమారు 40 లీటర్లు, అంటే మన పెద్ద పాల క్యాను అంత. ఆ టైరులో 15 పౌండ్ల ఒత్తిడి పెంచాలంటే బయటి గాలి సుమారు ఒక క్యానెడు లోపలికి కుక్కాలి. పూర్తిగా దిగిపోయిన టైరును 45 పౌండ్లకు తేవాలంటే మూడు క్యాన్లు, అంటే 120 లీటర్లు. నాలుగు టైర్లనూ 30 నుంచి 40 పౌండ్లకు పెంచాలంటే ఒక్కొక్కదానికి మూడింట రెండు వంతుల క్యాను చొప్పున మొత్తం సుమారు 110 లీటర్లు కావాలి.

12 అంగుళాల చక్రాల చిన్న బండి టైరులో 15 నుంచి 20 లీటర్ల చోటు ఉంటుంది. మోటారు సైకిలు వెనుక టైరులో ఎనిమిది, తొమ్మిది లీటర్లు. ఆ మేరకు లెక్క తగ్గించుకోవాలి.

పంపు మీద నిమిషానికి ఇన్ని లీటర్లు అని రాసి ఉంటుంది. అది ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటి అంకె. టైరులో ఒత్తిడి పెరిగే కొద్దీ పంపు నెట్టే గాలి తగ్గుతుంది. కనుక రాసిన అంకెలో సగమే మనకు దక్కుతుందని లెక్క వేసుకోవడం క్షేమం. 30 లీటర్ల పంపుకు పై 110 లీటర్లు నింపడానికి ఏడెనిమిది నిమిషాలు, 70 లీటర్ల పంపుకు మూడు నిమిషాల పైచిలుకు పడుతుంది. గొట్టం ఒక చక్రం నుంచి మరొక చక్రానికి మార్చే సమయం దీనికి అదనం.

మార్కెట్లో దొరికే రకాలు

1. కాలి పంపు: కరెంటు గాని, బ్యాటరీ గాని అక్కరలేదు. చెడిపోయినా తోలు వాషరు మార్చుకుంటే సరిపోతుంది. ఒక్క తొక్కుకు అర లీటరు గాలి కూడా పోదు. మోటారు సైకిలుకు ఇది చాలు. పికప్ నాలుగు టైర్లకు మూడు వందలకు పైగా తొక్కవలసి ఉంటుంది. దీన్ని ఆపద వేళకు ఉంచుకోవాలి.

2. చేతిలో పట్టే ఛార్జింగు పంపు: తేలిక, వైరు అక్కరలేదు. ఒక టైరులో నాలుగైదు పౌండ్లు తగ్గితే సరిచేయడానికి అనువు. నాలుగు పెద్ద టైర్లు వరుసగా నింపితే వేడెక్కి ఆగిపోతుంది. రాత్రి ఛార్జింగు పెట్టడం మరచిపోతే తెల్లవారి పనికి రాదు.

3. సిగరెట్ లైటరు సాకెట్టులో పెట్టే 12 వోల్టుల పంపు: ఆ సాకెట్టు ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లకు మించదు. అంటే 120 నుంచి 180 వాట్ల పని మాత్రమే జరుగుతుంది. చిన్న బండికి సరే. బరువు బండికి నిదానం.

4. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల పంపు: ఇది 30 ఆంపియర్లు, అంతకు మించి కూడా తీసుకుంటుంది. గాలి అధికంగా ఇస్తుంది. మట్టి బాటలో రోజూ తిరిగే పాల బండికి ఇదే తగినది.

5. గాలి ట్యాంకు: 20 లీటర్ల ట్యాంకులో 120 పౌండ్ల ఒత్తిడితో నింపిన గాలి, టైర్లను 40 పౌండ్లకు తేవడానికి సుమారు 107 లీటర్లు ఇస్తుంది. ఒక్కసారికే సరి. పంక్చరు పడితే రెండోసారికి మిగలదు. పాత వంట గ్యాసు సిలిండరును గాని, ఫ్రిజ్ గ్యాసు డబ్బాను గాని గాలి ట్యాంకుగా మార్చడం ప్రాణాపాయం.

సంఘంలో పాలు పితికే యంత్రం ఉంటే దాని పంపుతో గాలి కొట్టవచ్చునా అన్న అనుమానం కొందరికి రావచ్చు. అది గాలిని పీల్చే పంపు. టైరుకు పనికిరాదు.

కొనేటప్పుడు గమనించవలసినవి

పంపు ఎంతసేపు ఆపకుండా నడుస్తుందో, తర్వాత ఎంతసేపు చల్లారాలో పుస్తకంలో చదవాలి. పై లెక్క ప్రకారం నాలుగు టైర్లకు పట్టే సమయం కన్నా ఇది ఎక్కువగా ఉండాలి. 150 పౌండ్ల వరకు పోతుందన్న ప్రచారానికి లోబడవద్దు. మన టైర్లకు అంత ఒత్తిడితో పని లేదు. నిమిషానికి ఎన్ని లీటర్లన్నదే ముఖ్యం.

గొట్టం బ్యానెట్టు దగ్గర నుంచి వెనుక చక్రం దాకా, పాలు నింపిన బండి పక్కగా, లాగకుండా అందాలి. వాల్వుకు మర బిగించే ముక్కు మేలు; నొక్కి పట్టేది జారుతుంది. వైరులో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. ఎర్ర దుమ్ము మన ప్రాంతంలో సహజం కాబట్టి గాలి పీల్చే చోట విప్పి దులుపుకోగల జల్లెడ ఉండాలి. విడిభాగాలు దగ్గర పట్టణంలో దొరుకుతాయో లేదో ముందే విచారించాలి.

పంపుతో పాటు విడిగా మంచి గేజి ఒకటి తప్పక కొనాలి. పంపు మీది ముల్లు గొట్టంలోని ఒత్తిడి చూపుతుంది. ఆపి చూస్తే గాని నిజం తెలియదు. పాలు కొలవకుండా తీసుకోము కదా! గాలి కూడా అంతే. ట్యూబులేని టైర్లయితే పంక్చరు బత్తీల పెట్టె, అందరికీ వాల్వు పిన్నులు, మూతలు, స్టెప్నీ, జాకీ ఉండాలి. స్టెప్నీలో గాలి నెలకు ఒకసారైనా చూడాలి.

వాడేటప్పుడు పాటించవలసినవి

ఒత్తిడిని తెల్లవారుజామున, బండి కదలక ముందే చూడాలి. నడిచిన టైరు వేడికి కొన్ని పౌండ్లు ఎక్కువ చూపుతుంది. అది చూసి గాలి తీయరాదు. క్లిప్పుల పంపు వాడేటప్పుడు ఇంజను నడుస్తూ ఉండాలి. లేకుంటే బ్యాటరీ దిగిపోయి, టైరు నిండినా బండి కదలదు. ఎర్ర క్లిప్పు ముందు, నల్ల క్లిప్పు తర్వాత తగిలించాలి. హ్యాండు బ్రేకు వేసి, చక్రానికి రాయి పెట్టాలి. పంపును దుమ్ములో కాక ఒక చెక్క మీద పెట్టాలి. పని అయిన తర్వాత దాని తల బాగా కాలి ఉంటుంది. చల్లారనిచ్చి పెట్టెలో సర్దాలి.

ఈ పంపు గాలిలో దుమ్ము, తేమ, ఒక్కొక్కప్పుడు నూనె కూడా ఉంటాయి. కడిగిన క్యాన్లను ఆరబెట్టడానికి దీన్ని వాడరాదు. పంపు పెట్టెను క్యాన్ల మధ్య కాక డ్రైవరు వైపు ఉంచాలి.

బండి కాంట్రాక్టరుదైనా పాలు మనవి

పాల బండి చాలా చోట్ల కాంట్రాక్టు మీద నడుస్తుంది. గాలి సంగతి బండి యజమాని చూసుకుంటాడని ఊరుకోవడం సహజం. కాని టైరు చెడితే అతనికి పోయేది ఒక టైరు ఖరీదు; మనకు పోయేది ఒక పూట పాల డబ్బు. గడ్డికీ దాణాకూ అప్పు చేసి, ఒకే గేదె మీద ఇల్లు నడుపుకునే సభ్యురాలికి ఆ పూట డబ్బు చిన్నది కాదు. అందుచేత కాంట్రాక్టు కాగితంలోనే గాలి పంపు, గేజి, స్టెప్నీ ఉండాలన్న షరతు రాయాలి. లేదా పాలకవర్గం తీర్మానం చేసి సంఘం పేరనే కొని, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, రోజూ బండిలో పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

కొత్త పంపు రాగానే ఒకనాడు పాలు లేని వేళ బండిని కార్యాలయం ముందు నిలిపి, ఒక టైరు గాలి పది పౌండ్లు తీసి, మళ్లీ నింపి, ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. డ్రైవరుతో పాటు మరొకరికి కూడా ఈ పని నేర్పండి. వానలు మొదలయ్యే ముందే, జూన్ నెల రాకమునుపే, ఇదంతా పూర్తి చేసుకుంటే మంచిది.