గుండె లేకున్నా ఫోన్‌లో హార్ట్ రేట్: ఈఎస్‌పీ32తో పటాన్‌చెరులో మా టెస్ట్

టేబుల్ మీద ఉన్న బోర్డుకు సెన్సర్ లేదు, వేలు పెట్టే చోటు కూడా లేదు. అయినా ఫోన్‌లో హార్ట్ రేట్ 118 అని వస్తోంది. సెకను ఆగితే 119, ఇంకో సెకనుకు 120. అలా 159 దాకా వెళ్లి, మళ్లీ 90 నుంచి మొదలు.

ఇది జెఫిర్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చే బ్లూటూత్ హార్ట్ రేట్ శాంపిల్. నార్డిక్ వాళ్ల ఎన్‌ఆర్‌ఎఫ్52840 కిట్‌లో ఎక్కిస్తే చాలు, ఒక్క లైన్ కూడా రాయకుండా ఫోన్ దాన్ని హార్ట్ రేట్ మానిటర్‌గా గుర్తుపడుతుంది. ఎందుకంటే బ్లూటూత్‌లో దీనికో స్టాండర్డ్ ఉంది. సర్వీస్ నంబర్ 180డి, రీడింగ్ వచ్చేది 2ఏ37 నుంచి. జిమ్‌లో వాడే ఛాతీ బెల్టు కూడా ఇదే భాష మాట్లాడుతుంది.

వచ్చే ప్యాకెట్ చాలా చిన్నది. ఉదాహరణకు '06 4బి'. 4బి అంటే 75, అది హార్ట్ రేట్. ముందున్న 06 అసలు ఇంట్రెస్టింగ్ పార్ట్: 'సెన్సర్ చర్మానికి బాగా తగిలి ఉంది' అని దానర్థం. సెన్సరే లేని బోర్డు ఈ మాట చెబుతోంది! అంతేకాదు, శరీరంలో ఎక్కడున్నావని అడిగితే 01 అని జవాబిస్తుంది. 01 అంటే ఛాతీ. డెమో కోసం రాసిన కోడ్ కాబట్టి తప్పు పట్టాల్సిన పని లేదు. కానీ ఫోన్‌కు మాత్రం ఇది అబద్ధమని తెలుసుకునే దారే లేదు.

నిజమైన సెన్సర్‌తో చేద్దామని కోఠి గుజరాతీ గల్లీలో ఈఎస్‌పీ32 బోర్డు, మ్యాక్స్30102 మాడ్యూల్ కొన్నా. ఈ సెన్సర్ వేలిలోకి ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, తిరిగొచ్చేదాన్ని కొలుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో రక్తం కాస్త పెరుగుతుంది, వెనక్కొచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది. నాలుగు వైర్లు, స్పార్క్‌ఫన్ లైబ్రరీ, దానికి బ్లూటూత్ కోడ్ కలిపితే ఒక సాయంత్రంలో పని అయిపోయింది.

కదలకుండా కూర్చుంటే రీడింగ్ బాగానే వచ్చింది. మణికట్టు దగ్గర నాడి పట్టి నిమిషం లెక్కపెడితే 78, బోర్డు 76కు 80కి మధ్య తిరిగింది. వేలు గట్టిగా నొక్కితే మాత్రం సిగ్నల్ పోయింది, ఎందుకంటే నొక్కుడుకు అక్కడి రక్తమే పక్కకు పోతుంది. ఏసీ గదిలో వేళ్లు చల్లబడ్డాక కూడా అంతే.

తర్వాత పవర్ బ్యాంక్ పెట్టుకుని పటాన్‌చెరు నుంచి లింగంపల్లి వెళ్లే షేర్ ఆటో ఎక్కా. హైవే మీద ఆటో ఊగుడుకు రీడింగ్ ఒకసారి 54, ఇంకోసారి 141. (పక్కన కూర్చున్న పెద్దాయన 'బాంబు కాదు గదా తమ్మీ' అన్నాడు, వివరంగా చెప్పుకోవాల్సి వచ్చింది.) లైబ్రరీ ఉదాహరణ 20కీ 255కీ మధ్య ఏ అంకె వచ్చినా ఒప్పుకుంటుంది, చివరి నాలుగింటి సగటు తీస్తుంది. సగటు వల్ల అంకె నున్నగా కనిపిస్తుంది, అంతమాత్రాన కరెక్ట్ అయిపోదు.

ఇదంతా నాకు ఆటలా అనిపించలేదు, మా మేనమామ వల్ల. ఆయన ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర షిఫ్టులు చేస్తాడు. బీపీకి గుండె వేగాన్ని తగ్గించే రకం మాత్ర రాసి, పల్స్ మరీ తగ్గితే వచ్చి కలవమన్నాడు డాక్టరు. అందుకని తక్కువ ధరలో ఒక స్మార్ట్‌వాచ్ కొన్నాడు. 'ఏం ఫికర్ లేదురా, ఎప్పుడు చూసినా 72 చూపిస్తుంది' అన్నాడు. ఎప్పుడు చూసినా 72 అంటేనే నాకు డౌటొచ్చింది. చుట్టిన టవల్‌కు ఆ వాచ్ కట్టాం. కాసేపటికి 71, 73, 72. మామ ఏమీ మాట్లాడలేదు, వాచ్ విప్పి టేబుల్ మీద పెట్టాడు.

మంచి కంపెనీ వాచ్ కూడా టవల్‌నో అరటిపండునో చూసి ఒక్కోసారి మోసపోతుంది, కాంతి ఎటో తిరిగొస్తే అందులో లయ వెతుక్కుంటుంది. అంత మాత్రాన అది పనికిరాదని కాదు. కాకపోతే మెట్లెక్కి దిగినా అంకె మారకపోతే మాత్రం అది కొలుస్తోందో, ఊరికే చూపిస్తోందో చూసుకోవాలి.

నా బోర్డులో అందుకే ఒక మార్పు చేశా. ఇన్‌ఫ్రారెడ్ విలువ 50,000 కంటే తగ్గితే వేలు లేనట్టే. అప్పుడు 06 బదులు 04 పంపిస్తా. 'కాంటాక్ట్ చూసే ఏర్పాటు ఉంది, కానీ ఇప్పుడు తగల్లేదు' అని దానర్థం. నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ యాప్‌లో ఆ తేడా కనిపించింది. ఇంకో ఫిట్‌నెస్ యాప్ మాత్రం 04ని అస్సలు పట్టించుకోకుండా పాత అంకెనే పెద్దక్షరాల్లో చూపిస్తూ కూర్చుంది. బోర్డు నిజం చెప్పినా యాప్ వినకపోతే ఎలా? నాకైతే ఈ మొత్తం టెస్ట్‌లో ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

పటాన్‌చెరుకు దగ్గర్లోనే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్క్ ఉంది, అక్కడ గుండెకు వేసే స్టెంట్లు కూడా తయారవుతాయి. అలాంటి వస్తువు 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ దాటుకుని రావాలి. వాచ్ డబ్బా మీద మాత్రం 'ఇది వైద్య పరికరం కాదు' అని చిన్నక్షరాల్లో ఉంటుంది, మామ డబ్బా మీద కూడా ఉంది. ఇప్పుడాయన గోడ గడియారం చూస్తూ నిమిషం నాడి లెక్కపెట్టి, షిఫ్టు డైరీలో రాసుకుంటున్నాడు.

వచ్చే టెస్ట్ ఏడీ8232తో. ఇది కాంతితో కాదు, మూడు ఎలక్ట్రోడ్లతో గుండె విద్యుత్ సిగ్నల్‌నే చదువుతుంది. మ్యాక్స్30102ను దాని పక్కన పెట్టి ఆటోలో మళ్లీ తిప్పాలి. మీరూ చేస్తుంటే ఒక్కటి మర్చిపోకండి: ఎలక్ట్రోడ్లు ఒంటికి అంటించే ముందే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీదే నడపండి.