బృహద్ధమని చీలినప్పుడు: శస్త్రచికిత్సయా, మందులా?

గుండెనుండి బయలుదేరి, ఛాతీ, కడుపుల గుండా సాగుచు, శరీరమంతటికి రక్తము నందించు పెద్ద నాళమునకు బృహద్ధమని యని పేరు. దీని గోడకు మూడు పొరలు కలవు. రక్తపోటు ఏండ్ల తరబడి అదుపు తప్పియున్నవారిలో ఒక్కొక్కప్పుడు లోపలి పొర చిరిగి, రక్తము పొరల నడుమ జొచ్చి, అరటిబోదె పట్టలు విడదీసినట్లు గోడను చీల్చుకొని పోవును. ఛాతీలోగాని వీపులోగాని హఠాత్తుగా, చీల్చివేయుచున్నట్లు తీవ్రమైన నొప్పి పుట్టుట దీని ముఖ్య లక్షణము.

చికిత్స ఏదను నది ముఖ్యముగా చీలిక ఎచ్చట నున్నదను దానినిబట్టి యుండును. కాలువల బాగోగులు చూచిన పంచాయతీ సభ్యులకు ఇది సుబోధకమే. తలతూము చెంత గండి పడినచో దానిని పూడ్చక తప్పదు. దిగువన గట్టు కొంత దెబ్బతినియు నిలిచియున్నచో, తలుపులు దించి నీటి ఒత్తిడి తగ్గించి, గట్టును కనిపెట్టి యుండవచ్చును.

గుండెకు ఆనుకొని పైకి లేచు భాగమున చీలిక యున్నచో, సాధారణముగా వెంటనే శస్త్రచికిత్స చేయవలెను. చేయనిచో రక్తము గుండె చుట్టునున్న సంచిలో నిండి గుండెను నొక్కివేయవచ్చును. మొదటి రెండు దినములలో గంటకు నూటికి ఒకరిద్దరు చొప్పున మరణింతురని వైద్యులు చిరకాలముగా చెప్పుచున్న లెక్క. శస్త్రచికిత్సయు సామాన్యము కాదు. చెడిన భాగమును తొలగించి కృత్రిమ నాళము నమర్తురు. మంచి ఆసుపత్రులలో సైతము కొందరు దక్కరు. ఈ మాట రోగి బంధువులకు ముందే తెలిసియుండుట మేలని మా అభిప్రాయము.

చీలిక వీపు వెంట దిగు భాగమునకే పరిమితమై, ఇతర చిక్కులు లేనిచో, మందులే ప్రథమ చికిత్స. నాడి నిమిషమునకు 60కి లోపునకును, పై రక్తపోటు 100–120 నడుమకును దింపి, ఆసుపత్రిలో నుంచి కనిపెట్టెదరు. నొప్పి తగ్గకున్నను, కాలికో మూత్రపిండములకో ప్రేగులకో రక్తమందకున్నను, గోడ పగులు సూచన కన్పించినను, తొడ నాళము గుండా స్టెంటు గొట్టమును చొప్పింతురు.

ఈ శస్త్రచికిత్సకు 1950 దశకమున బాట వేసిన వారిలో అమెరికా వైద్యుడు మైకేల్ డిబేకీ ముఖ్యుడు. విచిత్రమేమన, 2005 డిసెంబరు 31న, తన 97వ యేట, ఆయనకే ఈ వ్యాధి సోకెను. చీలిక గుండెకు చేరువనే యున్నను, వయస్సును తలచి ఆయన మొదట శస్త్రచికిత్స వలదనెను. స్థితి విషమించగా 2006 ఫిబ్రవరిలో చేసిరి. కోలుకొని 2008 జూలై వరకు జీవించెను.

ఈ నొప్పి గుండెపోటును పోలియుండును. కాని గుండెపోటుకిచ్చు గడ్డ కరిగించు మందు ఇందు ప్రాణాంతకము కావచ్చును. సి.టి. స్కాను దీనిని తేల్చిచెప్పును. కావున తెలిసిన మాత్ర ఏదో మ్రింగించి తెల్లవారువరకు చూడక, 108 వాహనమును పిలువవలెను. స్కానును, గుండె శస్త్రవైద్యులును గల ఆసుపత్రి ఎచ్చట నున్నదో పంచాయతీ ముందే విచారించి వ్రాసియుంచుట మంచిది. ఏ చికిత్స పొందినవారైనను రక్తపోటు మందును జీవితాంతము వాడుచు, వైద్యుడు చెప్పిన గడువులలో మరల స్కాను తీయించుకొనవలెను.