ఆరు వందల అశ్వశక్తితో పాలమూరు రోడ్డు మీద

అధిక సామర్థ్యపు విలాస సెడాన్ అనే తరగతి కారు రెండు పరస్పర విరుద్ధమైన అవసరాలను ఒకే వాహనంలో ఇమడ్చడానికి జరిగిన ప్రయత్నం. నలుగురు మనుషులు సామానుతో సహా హాయిగా కూర్చునే నాలుగు తలుపుల కారుగా ఉంటూనే అది రేసు కారుకు దీటైన వేగాన్ని అందుకోవాలి. పిల్లలను బడిలో దించడానికీ, కూరగాయల మార్కెట్‌కూ, తెల్లవారుజామున హైదరాబాదు ప్రయాణానికీ అదే పనికిరావాలి. మెర్సిడెస్ సంస్థ 1968లో తన పెద్ద సెడాన్‌లో 6.3 లీటర్ల ఇంజన్ బిగించి, 250 అశ్వశక్తి గల 300 ఎస్‌ఈఎల్ 6.3ను తెచ్చినప్పుడు ఈ తరగతికి పునాది పడింది. బీఎండబ్ల్యూ 1984లో 286 అశ్వశక్తితో మొదలుపెట్టిన ఎం5 దానికి స్థిరమైన రూపం ఇచ్చింది. 2017లో వచ్చిన ఎం5లో ఉన్నది 4.4 లీటర్ల వి8 ఇంజన్, అంటే నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా ఏటవాలుగా నిలిచిన ఇంజన్. రెండు టర్బోచార్జర్ల సాయంతో అది 600 అశ్వశక్తిని ఇస్తుంది, నిలిచిన చోటి నుంచి గంటకు 100 కి.మీ. వేగానికి కారును 3.4 సెకన్లలో చేరుస్తుంది. ఈ వ్యాసంలోని లెక్కలకు ఆ కారే ఆధారం.

ఆ కారును ఇక్కడ తూచేది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, రోడ్ల మీద. ఆ ఊరికి మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చింది. ఆయనే తన చివరి రోజుల్లో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను, వెనక సింహాసనం వంటి ఆసనంతో, బార్కర్ సంస్థ చేత దేహం కట్టించేలా పురమాయించారు. కారు చేతికి అందకముందే 1911లో ఆయన మరణించడంతో అది ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు చెందింది. ఊరేగింపులకూ దర్బారు వేడుకలకూ మాత్రమే బయటికి తీసినందున దశాబ్దాల తరబడి అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. ప్రస్తుతం హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో అది ప్రదర్శనలో ఉంది. విలాసవంతమైన కారు అంటే అరుదుగా కదిలే వస్తువు అన్న ఆ కాలపు భావనకు నేటి అధిక సామర్థ్యపు సెడాన్ పూర్తిగా విరుద్ధమైనది. రోజూ నడపదగినదని చెప్పుకోవడమే దాని ప్రత్యేకత కనుక, దాన్ని తూచవలసింది కూడా రోజూ నడిచే రోడ్డు మీదనే.

మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు దాదాపు 100 కి.మీ. దూరం. జడ్చర్ల వద్ద 44వ జాతీయ రహదారి ఎక్కి బాలానగర్, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా సాగే ఆ ప్రయాణంలో చట్టం అనుమతించే గరిష్ఠ వేగం, 2018 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం నాలుగు వరుసల విభజిత రహదారిపై కార్లకు, గంటకు 100 కి.మీ. ఆ వేగంతో చదునైన రోడ్డు మీద నిలకడగా సాగిపోయే కారును అడ్డుకునే బలాలు ప్రధానంగా రెండు: ముందున్న గాలిని చీల్చుకుపోవడంలో కలిగే నిరోధం, టైర్లు దొర్లేటప్పుడు వాటి రబ్బరు నొక్కుకుపోయి తిరిగి సాగడంలో వృథా అయ్యే శక్తి వల్ల కలిగే నిరోధం. ఇద్దరు మనుషులతో కలిపి సుమారు 2,000 కిలోలుండే సెడాన్‌కు మొదటిది దాదాపు 310 న్యూటన్లు, రెండవది దాదాపు 235 న్యూటన్లు. ఆ మొత్తాన్ని వేగంతో హెచ్చిస్తే వచ్చే అంకె 15 కిలోవాట్లు, అంటే ఇరవై అశ్వశక్తి. ఆరు వందల అశ్వశక్తి గల యంత్రం చట్టం ఒప్పుకునే అత్యధిక వేగంలో చేసే పని దాని సత్తాలో ముప్పయ్యో వంతు మాత్రమే.

ఈ తరగతి కార్ల గురించి తెలుసుకోదగిన విషయాలలో ఇది మొదటిది. తక్కువ భారంతో నడిచే పెద్ద ఇంజన్ తన ఎనిమిది సిలిండర్ల ఘర్షణను జయించడానికీ, నూనెనూ నీటినీ తిప్పే పంపులను నడపడానికీ ఖర్చు చేసే ఇంధనం చిన్న ఇంజన్‌తో పోలిస్తే ఎంతో ఎక్కువ. గంటసేపు 15 కిలోవాట్ల పని జరగాలంటే, ఇంధనంలోని శక్తిలో మూడో వంతును పనిగా మార్చగల ఇంజన్‌కు ఐదు లీటర్ల పెట్రోలు సరిపోతుంది; ఐదో వంతునే మార్చగలిగిన ఇంజన్‌కు ఎనిమిది లీటర్లు దాటుతుంది. ఊళ్లో మెట్టుగడ్డ నుంచి క్లాక్ టవర్ దాకా ఆటోల మధ్య ఆగుతూ సాగే ప్రయాణంలో ఆ నిష్పత్తి ఇంకా దిగజారుతుంది. అటువంటి నెమ్మది నడకను దృష్టిలో పెట్టుకొనే కావచ్చు, అంతకుముందు తరం ఎం5లో ఉన్న రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌ను 2017లో పక్కన పెట్టి, ఇంజన్‌కూ గేర్లకూ మధ్య నూనె ద్వారా బలాన్ని అందించే టార్క్ కన్వర్టర్‌ను అమర్చారు. పలకలు ఒకదానినొకటి పట్టుకొని బలాన్ని అందించే క్లచ్ అడుగు వేగంలో కుదుపు ఇస్తుంది, పదేపదే జారి వేడెక్కుతుంది. నూనెకు ఆ ఇబ్బంది లేదు.

మిగిలిన 580 అశ్వశక్తి దండగా అంటే కాదు, దానికి సార్థకత దొరికే చోటు ఒకటుంది. మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మక్తల్ మీదుగా రాయచూరు వెళ్లే 167వ జాతీయ రహదారి వంటి రెండు వరుసల రోడ్డుపై గంటకు 60 కి.మీ. వేగంతో పోయే పత్తి లారీని దాటాలంటే, లారీ పొడవూ వెనకా ముందూ వదిలే ఎడమూ కలిపి కారు దాదాపు 40 మీటర్లు అదనంగా సాగాలి. వేగాన్ని 100 కి.మీ. దగ్గరే ఆపుకున్నా శక్తిమంతమైన సెడాన్ ఆ పనిని ఐదు సెకన్లలోపు ముగిస్తుంది. సామాన్యమైన చిన్న కారుకు ఏడు సెకన్లు పైనే పడుతుంది. ఎదుటి వాహనం 80 కి.మీ. వేగంతో వస్తున్నప్పుడు మొదటి కారుకు కావలసిన ఖాళీ రోడ్డు సుమారు 220 మీటర్లు, రెండవదానికి 320 మీటర్లు. ఆ వంద మీటర్ల తేడాయే ఈ శక్తి నిత్యజీవితానికి ఇచ్చే అసలైన రక్షణ. అయితే ఆ రక్షణను నమ్ముకొని మలుపు ముందు దాటబోయే డ్రైవరు దాన్ని తానే పోగొట్టుకుంటాడు.

వేగం పెంచడం కన్నా దాన్ని తగ్గించడం కష్టమైన పని. కదిలే వస్తువులోని శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 2,000 కిలోల కారు 100 కి.మీ. వేగంలో మోసే శక్తిని బ్రేకులు వేడిగా మారిస్తే దానితో రెండున్నర లీటర్ల నీళ్లు మరుగుతాయి, 200 కి.మీ. వేగంలో అయితే పది లీటర్లు మరుగుతాయి. ఆ వేడినంతా కొద్ది సెకన్లలో మింగి గాలికి వదలవలసినవి నాలుగు చక్రాల లోపలి డిస్కులు, అందుకే అవి అంత వెడల్పుగా, లోపల గాలి తిరిగే సందులతో ఉంటాయి. ఎంత మంచి బ్రేకులైనా, 100 కి.మీ. వేగంలో డ్రైవరు తేరుకునే ఒక సెకనులో సాగే 28 మీటర్లూ, ఆగడానికి పట్టే దాదాపు 39 మీటర్లూ కలిపి 67 మీటర్లు అవుతుంది. రాత్రి వేళ కిందికి దించిన హెడ్‌లైటు వెలుగు నమ్మకంగా చూపే దూరం ఆ మాత్రమైనా ఉండదు. వెనక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు దాటే గొర్రెల మంద, కోతల కాలంలో తారు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చిన వడ్లు ఈ ప్రాంతపు రోడ్ల మీద నిత్యం కనిపించేవే. వాటిలో ఏదీ కారు శక్తిని చూసి పక్కకు తప్పుకోదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వద్ద, బెంగళూరు నుంచి హైదరాబాదుకు వస్తున్న అధునాతన బస్సు కల్వర్టును ఢీకొని, డీజిల్ ట్యాంకు పగిలి అంటుకోవడంతో 45 మంది సజీవ దహనమయ్యారు. ఇదే 44వ రహదారి మీద వేగంతో పోయే ప్రతి వాహనం విషయంలోనూ ఆ దుర్ఘటన గుర్తుండవలసినదే.

రోజువారీ వాడకంలో యజమానిని ఎక్కువగా వేధించేది మాత్రం వేగం కాదు, కారు అడుగుభాగానికీ రోడ్డుకూ మధ్యనున్న ఎడం. ఇటువంటి సెడాన్‌కు అది సుమారు 12, 13 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం మూడు మీటర్లకు కాస్త తక్కువ. భారత రోడ్ల కాంగ్రెస్ నిర్దేశించిన ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తపు చాపంగా ఉండాలి. కారు సరిగ్గా దాని నడిమికి వచ్చినప్పుడు రెండు జతల చక్రాలూ ఆ చాపం అంచుల మీదనే, నేలకు మూడున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. కనుక కారు పొట్ట కింద ఉబ్బు చొరబడేది ఆరున్నర సెంటీమీటర్లే, ఇంకా ఐదారు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ప్రమాణాన్ని పాటించిన స్పీడ్ బ్రేకర్ మీద ఇంత కిందికి ఉండే కారు కూడా గీసుకోకుండా దాటుతుందని ఈ లెక్క చెబుతుంది. ప్రమాదం జరిగిన మరునాడు ఊరి వాళ్లు ఒక మీటరు వెడల్పున, 15 సెంటీమీటర్ల ఎత్తున పోసుకునే సిమెంటు గట్టు సంగతి వేరు: చక్రాలు రెండు వైపులా చదును నేల మీదికి దిగిపోయాక 15 సెంటీమీటర్ల గట్టు 12 సెంటీమీటర్ల ఖాళీలోకి దూరవలసి వస్తుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే స్ప్రింగులు అణగి ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది. గట్టును ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించి దాటే అలవాటు ఇక్కడి డ్రైవర్లకు అనుభవం నేర్పినది. ఒక మూల లేచినప్పుడు నడిమి భాగం కూడా కొంత లేస్తుంది కనుక శాస్త్రరీత్యా కూడా అది సరైన ఉపాయమే. తమ పిల్లల ప్రాణాలకు జడిసి గట్టు కట్టుకున్న ఊరిని తప్పుపట్టడం అన్యాయం. ప్రమాణం ప్రకారం కట్టించవలసిన బాధ్యత రోడ్డు నిర్వహించే వారిది.

టైర్ల విషయంలోనూ ఇదే ఘర్షణ కనిపిస్తుంది. ఆ ఎం5 ముందు టైరు వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 35 శాతం, అంటే 96 మిల్లీమీటర్లు. మన రోడ్లపై సాధారణమైన 165/80 ఆర్14 టైరుకు ఆ గోడ 132 మిల్లీమీటర్లు. మలుపుల్లో టైరు పక్కకు వంగకుండా ఉండాలన్న ఉద్దేశంతో గోడను పొట్టిగా చేస్తారు గానీ, వానల తరువాత తేలిన గుంత అంచు తగిలినప్పుడు దెబ్బను మింగవలసినది కూడా ఆ గోడే. అది చాలకపోతే రబ్బరు రిమ్‌కూ రాతికీ మధ్య నలిగి గోడ లోపలి దారాలు తెగి ఉబ్బుతుంది, లేదా అల్యూమినియం రిమ్ వంగుతుంది. గోడకు తగిలిన గాయాన్ని పంక్చరు షాపులో అతికించడం సురక్షితం కాదు, టైరు మార్చవలసిందే. ఆ కొలతల టైరు హైదరాబాదు నుంచి తెప్పించుకోవలసినది కావడంతో, యజమాని గాలి ఒత్తిడిని వారం వారం చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

పాలమూరు వేసవి మరో పరీక్ష. సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున, 42 డిగ్రీల ఎండలో, గాలి సాంద్రత చల్లని సముద్రతీరపు గాలి కన్నా 14 శాతం వరకు పలచబడుతుంది. టర్బోచార్జర్ అదనంగా తిరిగి ఆ లోటును పూడుస్తుంది గానీ, గాలిని రెండింతలకు పైగా నొక్కేసరికి దాని వేడి 150 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిగాలి నేరుగా సిలిండర్లలోకి వెళితే నిప్పురవ్వ రగిల్చిన మంట తనను చేరేలోగానే మిగిలిన పెట్రోలు మిశ్రమం తనంతట తానే పేలి పిస్టన్లను దెబ్బతీస్తుంది, దీన్నే నాకింగ్ అంటారు. అందువల్ల మధ్యలో ఇంటర్‌కూలర్ అనే చల్లార్చే పరికరం ఉంటుంది, అది చాలనప్పుడు ఇంజన్ కంప్యూటర్ నిప్పురవ్వను ఆలస్యం చేసి శక్తిని తానే తగ్గించుకుంటుంది. బంకుల్లో ఇప్పుడు దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు నాకింగ్‌ను బాగా ఓర్చుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు సిలిండరును చల్లబరుస్తుంది. లీటరుకు ఇచ్చే శక్తి మాత్రం ఆరేడు శాతం తక్కువ. ఆ ఇంధనానికి తగిన రబ్బరు గొట్టాలూ సీళ్లూ తన కారులో ఉన్నాయో లేదో యజమాని పుస్తకంలో చూసి నిర్ధారించుకోవాలి. ఎర్ర చెల్క నేలల దుమ్ములో ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే మార్చడం మంచిది.

2024లో వచ్చిన ఎం5 ఈ లెక్కలన్నింటినీ కొత్తగా రాసింది. అందులో వి8 ఇంజన్‌తో పాటు 197 అశ్వశక్తి గల విద్యుత్ మోటారు, ప్లగ్ పెట్టి చార్జి చేసుకునే 18.6 కిలోవాట్ గంటల బ్యాటరీ ఉన్నాయి. మొత్తం 727 అశ్వశక్తి, బరువు 2,435 కిలోలు. కేవలం బ్యాటరీతో ప్రయోగశాల కొలత ప్రకారం 69 కి.మీ. వరకు పోగలదు కనుక, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లి రావడానికి అవసరమైన సుమారు 30 కి.మీ. పెట్రోలు చుక్క కాలకుండానే పూర్తవుతుంది. ఇరవై అశ్వశక్తి పనికి ఎనిమిది సిలిండర్లు తిరగవలసిన అవసరం అలా తప్పింది. బదులుగా అయిదు వందల కిలోలకు పైగా అదనపు బరువు ప్రతి గుంతలోనూ టైర్ల మీద పడుతుంది. ఆ రెండు ఊళ్ల నడుమనే దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం అయాన్ బ్యాటరీల భారీ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఎం5 బ్యాటరీకీ దానికీ సంబంధం లేకపోయినా, ఆ బ్యాటరీల శాస్త్రం ఈ జిల్లాకు ఇక పరాయిది కాదు. లిథియం అయాన్ సెల్‌లోని రసాయనాలు 45 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ కాలం ఉంటే త్వరగా క్షీణిస్తాయి, నిండుగా చార్జి చేసి ఎండలో వదిలితే మరీ త్వరగా. ఏప్రిల్, మే నెలల్లో ఇటువంటి కారును నీడపట్టున ఆపి, నిండా చార్జి చేయడాన్ని బయలుదేరే వేళ దాకా వాయిదా వేస్తే బ్యాటరీకి కొన్నేళ్ల ఆయుష్షు కలిసొస్తుంది.