స్టే వేరు... లివ్ వేరు!

‘వేర్ ఆర్ యూ స్టేయింగ్?’ ఆఫీసులో కొత్తగా చేరిన కొలీగ్‌ని మనం మామూలుగా అడిగే మాట ఇది. అమీర్‌పేట హాస్టల్లో ఉన్నా, మియాపూర్‌లో సొంత ఫ్లాట్‌లో ఉన్నా మనకి అంతా ‘స్టే’నే. ఇదే ప్రశ్న లండన్‌లోనో డాలస్‌లోనో అడిగి చూడండి. చాలామంది ‘నేను టూరిస్టుని కాదే’ అన్నట్టు చూస్తారు. ఎందుకంటే వాళ్ల లెక్కలో స్టే అంటే నాలుగు రోజుల బస. స్థిరంగా ఉండే చోటికి ‘లివ్’ అనాలి. స్కాట్లాండ్‌లో మాత్రం మనలాగే సొంతింటికీ స్టే అనేస్తారు.

తెలుగులో ‘ఉంటున్నా’ అంటే చాలు, పని జరిగిపోతుంది. అలాగని తేడాలు మనకి తెలీక కాదు. చుట్టాలింట్లో వేసేది మకాం, మగపెళ్లివారికి ఇచ్చేది విడిది, పెళ్లయ్యాక పెట్టేది కాపురం, సర్టిఫికెట్‌లో రాసేది నివాసం. ఇంగ్లిష్ మాటలూ అంతే!

వీసా దగ్గర జాగ్రత్త

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి అమ్మానాన్న విజిటర్ వీసా మీద వెళ్తున్నారనుకుందాం. ఇంటర్వ్యూలో ‘ఐ విల్ లివ్ విత్ మై సన్’ అంటే ‘ఇక అక్కడే ఉండిపోతాం’ అనే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. తిరిగొస్తామని నమ్మించాల్సిన బాధ్యత అక్కడి చట్టం ప్రకారం మనదే. ‘స్టే విత్ మై సన్ ఫర్ టూ మంత్స్’ అంటే ఏ గొడవా లేదు.

రెసిడెంట్ అంటే లెక్కే

‘రిసైడ్’ ఫారాల్లో కనిపించే మాట. కబుర్లలో వాడితే మరీ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ‘రెసిడెంట్’ దగ్గరికొస్తే చట్టం రంగంలోకి దిగుతుంది. ఎన్నారైలో ‘ఆర్’ ఇదే. ఏడాదిలో 182 రోజులు, అంతకు మించి ఇండియాలో ఉంటే ఆదాయపు పన్ను లెక్కలో రెసిడెంట్ అయినట్టే. (తక్కువ రోజులున్నా కొన్ని సందర్భాల్లో అవుతారు.) గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అమెరికాకి పర్మనెంట్ రెసిడెంట్లే కానీ పౌరులు కారు. అధ్యక్ష ఎన్నికల్లో ఓటుండదు.

ఇల్లు ఎవరిది, ఉన్నదెవరు?

‘ఆక్యుపై’కి ఓనర్ ఎవరన్నది అనవసరం, ఇప్పుడు లోపల ఎవరున్నారన్నదే ముఖ్యం. అద్దె కట్టి ఉంటే ‘టెనెంట్’, హక్కు లేకుండా చొరబడి కూర్చుంటే ‘స్క్వాటర్’. ఫ్లాట్ కొనేముందు అడగమని పెద్దలు చెప్పే ‘ఓసీ’ కూడా ఆక్యుపెన్సీ సర్టిఫికెటే. ఈ మాటలో ఆక్రమణ వాసన కూడా ఉంది. 2011లో న్యూయార్క్‌లో పార్కులో డేరాలు వేసినవాళ్ల ఉద్యమానికి ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’ అనే పేరు వచ్చింది అందుకే.

ఈ రెండూ తికమకే

‘డ్వెల్’కి పాత ఇంగ్లిష్‌లో అర్థం దారి తప్పించడం! అది ఆలస్యం చేయడంగా, తర్వాత ఆగిపోవడంగా, చివరికి నివసించడంగా మారింది. ఇప్పుడు ‘ఐ డ్వెల్ ఇన్ కూకట్‌పల్లి’ అంటే నవ్వుతారు. ‘డ్వెల్ ఆన్’ అంటే మాత్రం ఒకే విషయం పట్టుకుని ఆలోచిస్తూ కూర్చోవడం. ఇక ‘ఇన్‌హాబిటబుల్’. ముందు ‘ఇన్’ ఉంది కదా అని ‘ఉండటానికి పనికిరాని’ అనుకోకండి. ఉండదగినదనే అర్థం. పనికిరానిది ‘అన్‌ఇన్‌హాబిటబుల్’.

ఫ్రెండ్స్‌తో ‘ఎక్కడ స్టే?’ అంటే వచ్చే నష్టమేం లేదు. ఫారమో, అగ్రిమెంటో, ఇంటర్వ్యూనో ఎదురైతే మాత్రం రెండు చూసుకోండి: ఎన్నాళ్లు ఉంటున్నారు? ఏ హక్కుతో ఉంటున్నారు? సరైన మాట అదే దొరుకుతుంది.