గుడ్డు పెట్టు కోడికి లోటేమి?

“రోజూ గుడ్డు పెట్టుచున్న పెట్టకు లోటేమున్నది?” అను మాట మన కోళ్లఫారములలో తరచుగా వినబడును. పాతుకొనిపోయిన అపోహ యిది. గుడ్డు పెట్టుట పెట్ట యిచ్ఛకు లోబడిన పని కాదు. షెడ్డులో దినమునకు 14 నుండి 16 గంటలు వెలుతురుండి, దాణాపాళ్లు సరిపోయి, వంశమున ఆ గుణము స్థిరపడియున్నచో, బాధపడుచున్న పెట్ట సైతము చాలకాలము గుడ్లు పెట్టుచునే యుండును. ఒక్కొక్క పెంకునకు సుమారు 2 గ్రాముల కాల్షియము కావలెను. పెంకు కట్టుట అధికముగా రాత్రివేళ, అనగా మేత ముట్టని వేళ, జరుగును గనుక, కొరత పడిన కాల్షియమును శరీరము తన యెముకలనుండియే తోడి యిచ్చును. ఏడాదిపాటు దండిగా గుడ్లిచ్చిన పెట్టను బోనునుండి తీయునప్పుడు, రొమ్మెముక వంకరపోయి చేతికి తగులుటయు, ఒక్కొక్కప్పుడు రెక్క యెముక పుటుక్కున విరుగుటయు ఇందువలననే.

ఈకలు పీకుకొనుట కోళ్ల పొగరని మరియొక అపోహ. పెద్దరికమునకై తలపై పొడుచుట వేరు, ఈకలు పీకుట వేరు. నేల గీకి గింజ వెదకుట పెట్టకు పగటి పనులలో ముఖ్యము. కమ్ములపై నిలిచి గీకుటకేమియు దొరకనప్పుడు ఆ ముక్కు ప్రక్కదాని యీకలపైకి మరలును. ఈకలూడిన పెట్ట ఒంటివేడి నిలుపుకొనుటకై దాణా మరింత తినును. ఆ ఖర్చు రైతుదే. ముక్కు కత్తిరించుట గాయమును తగ్గించునే గాని కారణమును తొలగింపదు.

కోడి క్షేమమును చూచినచో దిగుబడి పడిపోవునను భయమునకు అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున విలియం మ్యూర్ జరిపి 1996లో ప్రకటించిన ప్రయోగము చక్కని సమాధానము. ముక్కులు కత్తిరింపని పెట్టలను ఒక్కొక్కదాని గుడ్లు చూచి గాక, ఒకే బోనులోని తోబుట్టువులన్నిటి ఫలితమును కలిపి చూచి ఆయన సంతానమునకు ఎన్నుకొనగా, కొద్ది తరములలోనే ఏటి మరణములు నూటికి 68 నుండి 9 లోపునకు దిగెను; బోనున చేర్చిన పెట్ట యొక్కింటికి గుడ్లు 91 నుండి 237కు పెరిగెను. తోటిదానిని హింసింపని స్వభావమే ఆ గుడ్లను నిలిపినది.

బోనులోనే పెరిగిన పెట్టకు గూటి యూసుండదనుటయు నిజము కాదు. గుడ్డు పెట్టుటకు ముందు చాటు వెదకుట హార్మోనుల ప్రేరణ. ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుండి వట్టి బోనులను నిషేధించి, బోనులు వాడువారు పెట్టకు 750 చదరపు సెంటీమీటర్ల చోటు, గూడు, దండెము ఉంచవలెనన్నది. అయితే బోను తలుపు తీసినంతనే సర్వమును చక్కబడదు; విడి షెడ్లలో దండెములెక్కి దిగునపుడును రొమ్మెముకలు విరుగుచున్నవి.

కావున రైతులు ట్రేలు లెక్కించినంత శ్రద్ధతోనే వారమునకొకమారు కొన్ని పెట్టలను చేతబట్టి, ఈకలను చూచి, రొమ్మెముకను తడిమి, ఆ వివరమును గుడ్ల లెక్క ప్రక్కనే వ్రాసికొనవలెనని నా మనవి.